తాళంచెవుల బోర్డు ముందు ఒక్క నిమిషం

ఈ సంతాప సభకు వచ్చిన పెద్దలకు, జిల్లా పోలీసు అధికారి గారికి, మా స్టేషన్ ఇన్‌స్పెక్టర్ గారికి, నాతో కలిసి డ్యూటీ చేస్తున్న సిబ్బందికి, పనులు మానుకుని వచ్చిన ఊరివాళ్లందరికీ నమస్కారం. మొదటి వరసలో కూర్చున్న మా వదినకి మాటలతో చెప్పగలిగింది నా దగ్గర ఏమీ లేదు. ఇందాక కాసేపు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అంతకన్నా నాకు చేతకాదు.

ఈ మైకు కొంచెం కిందికి దించండి. చాలు.

ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక కింద ఫర్నిచర్ షాపు నుంచి బెంచీలు తెప్పించారు. మెట్ల మీద కూడా మనుషులు నిలబడి ఉన్నారు. ఇది చూస్తే మా హెడ్ కానిస్టేబుల్ అన్నయ్య సంతోషించేవారని మీరంతా అనుకుంటున్నారు కదా? నేను అనుకోవడం లేదు. ఆయన ఉంటే గుమ్మం దగ్గరే ఆగిపోయి, నా చెవి దగ్గర మెల్లగా, "ఇంతమంది ఎందుకొచ్చారమ్మాయ్?" అని అడిగేవారు. అడిగి, ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చేవారు. బాధ కలిగి వచ్చినవాళ్లెవరు? అందరూ వెళ్తున్నారు కదా అని వచ్చినవాళ్లెవరు? రాకపోతే ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో అని వచ్చినవాళ్లెవరు? ఇందాకటి నుంచి నేనూ అదే పని మీద ఉన్నాను. ఇన్నేళ్లు ఆయన పక్కన క్రైమ్ డ్యూటీ చేసిన కానిస్టేబుల్ని. ఆ జబ్బు నాకూ అంటుకుంది.

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ మీ ఇద్దరూ, మీరే, మొహాలు తిప్పుకోకండి. బస్టాండులో జేబులు కొట్టే రోజుల్లో అన్నయ్య చేతికి ఎన్నిసార్లు దొరికారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ముందుకొచ్చి కూర్చోండి. ఈ హాలులో నాకు అనుమానం లేనిది మీ ఇద్దరి మీదే.

నవ్వండి, ఫరవాలేదు. అన్నయ్యని తలుచుకుంటే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? మా హెడ్ కానిస్టేబుల్ గారి అసలు పేరు జీతం రోజున తప్ప మాకు గుర్తుకొచ్చేది కాదు. ఊరంతా ఆయన్ని 'ఒక్క నిమిషం గారు' అనే పిలిచింది. సొంత అత్తగారు వచ్చి తలుపు కొట్టినా, ముందు కిటికీలోంచి చూసి, "ఒక్క నిమిషం" అని, ఆ తరువాతే గడియ తీసిన మనిషి ఆయన. పెళ్లైన కొత్తలో వదిన ఏదో మాట మీద అలిగి పక్క గదిలో కూర్చుంటే, ఆయన తలుపు బయట నుంచి, "కోపమా, నిద్రా? ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండు, తెలుసుకుంటాను" అన్నారట. ఇది వదినే నాకు చెప్పింది. చెప్పొద్దని కూడా చెప్పింది. ఏమీ అనుకోకు వదినా.

ఆ పేరు ఎలా వచ్చిందో ఇక్కడ చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. తరువాత నేను చెప్పబోయేదానికి ఇది కావాలి.

నేను స్టేషన్‌కి కొత్తగా వచ్చినప్పుడు ఒక టైలర్ ఇంట్లో గొలుసు పోయింది. ఇంటినిండా మనుషులు. అరుపులు, ఏడుపులు, ఒకరి మీద ఒకరు నేరాలు చెప్పుకోవడాలు. నేను పెన్ను తీసి ఒక్కొక్కరినీ అడగబోయాను. అన్నయ్య నా పెన్ను మీద చెయ్యి వేసి ఆపేశారు. ఇంటిల్లిపాదినీ ఆ గదిలోనే గోడ చుట్టూ నిలబెట్టారు. "ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి" అన్నారు. అంతే. కుట్టుమిషన్ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, చేతులు కట్టుకుని, వాళ్లని చూస్తూ ఉన్నారు.

మీరెప్పుడైనా పదిమంది మధ్య ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడ్డారా? చాలా పొడుగ్గా ఉంటుంది. ముసలాయన దగ్గు ఆపుకున్నాడు. టైలర్ భార్య బీరువా వైపు చూసింది. పిల్లలు బీరువా వైపు చూశారు. టైలరూ అటే చూశాడు. గొలుసు పోయింది ఆ బీరువాలోంచే. ఒక్క పెద్దల్లుడు మాత్రం కిటికీ కర్టెను చూశాడు, తన చెప్పులు చూశాడు, ఫ్యాను చూశాడు. బీరువా వైపు మాత్రం తిరగలేదు.

బయటికి వచ్చాక అన్నయ్య అన్నారు: "వస్తువు పోయిన చోటుకి కళ్లు వాటంతట అవే పోతాయమ్మాయ్. ఇంకా అక్కడే ఉందేమో అని ఆశ. తీసినవాడికి ఆ ఆశ ఉండదు. అక్కడ చూడ్డానికి వాడికేముంది?"

ఆ అల్లుణ్ణి ఆయన స్టేషన్‌కి తేలేదు. టీ తాగుదాం రమ్మని పక్కకి తీసుకెళ్లారు. సాయంత్రానికి గొలుసు బీరువాలో బట్టల మడతల మధ్య దొరికింది. ఇంటివాళ్లు వెతకడం చేతకాలేదని ఒకరినొకరు తిట్టుకుని ఊరుకున్నారు. ఆ కూతురి కాపురం ఇవాళ్టికీ చక్కగా ఉంది. వాళ్లు ఈ సభలో ఉన్నారో లేదో నేను చెప్పను. చూసుకోవడానికి వెనక్కి తిరగొద్దు.

ఆయన దేవుడేమీ కాదు. ఒకసారి తప్పు చేశారు. అది చెప్పకపోతే ఆయనే ఒప్పుకోరు. ఒక డాక్టరు ఇంట్లో అలమరలోంచి వస్తువు పోతే ఇలాగే అందరినీ నిలబెట్టారు. వంటమనిషి ఒక్కతే అలమర వైపు చూడకుండా నేలవైపు చూస్తూ నిలబడింది. రెండు రోజులు ఆమెని వదలకుండా ప్రశ్నలు వేశారు. చివరికి వస్తువు డాక్టరు గారి పాత కోటు జేబులోనే దొరికింది. ఆ వంటామె నేల ఎందుకు చూసిందంటే, పుట్టినప్పటి నుంచి పెద్దవాళ్ల ముందు నేల చూస్తూ నిలబడటమే ఆమెకి నేర్పారు. అన్నయ్య యూనిఫాంతో ఆమె ఇంటికి వెళ్లారు. ఇరుగుపొరుగు అంతా బయటికి వచ్చేదాకా వీధిలోనే ఆగారు. వాళ్లందరి ముందు, "తప్పు నాది, ఈవిడ ఏమీ తీయలేదు" అని గట్టిగా చెప్పి వచ్చారు. తిరిగి వస్తూ దారిలో నాతో ఒకే మాట అన్నారు: "చూపు సాక్ష్యం కాదమ్మాయ్. ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, అంతే."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేనూ గుర్తుపెట్టుకునే ఇక్కడ మాట్లాడుతున్నాను.

ఇప్పుడు బోర్డు సంగతి. జిల్లాలో ప్రతి స్టేషన్లోనూ ఇవాళ ఒక తాళంచెవుల బోర్డు ఉంది. అది ఎవరి ఆలోచనో అధికారులు చాలా సభల్లో చాలా రకాలుగా చెప్పారు. అది అన్నయ్య ఆలోచన. ఇంటికి తాళం వేసి ఊరెళ్లేవాళ్ల ఇళ్లే దొంగలకి అలుసవుతున్నాయని, స్టేషన్‌లో చెప్పి వెళ్లమని అంతకు ముందు నుంచే ప్రచారం చేసేవాళ్లం. చెప్పి వెళ్లినా ఏం లాభం? సందెవేళ దీపం లేని ఇల్లు ఎవరికైనా తెలిసిపోతుంది. అందుకని అన్నయ్య, "రెండో తాళంచెవి మాకిచ్చి వెళ్లండి, రోజూ సాయంత్రం మేమే లైటు వేస్తాం" అన్నారు. స్టేషన్ ఎదురుగా ఉన్న వడ్రంగి ఒక చెక్క కోసిచ్చాడు. అన్నయ్యే ఆకుపచ్చ రంగు వేశారు. కొక్కేలు బిగించారు. ఇన్‌స్పెక్టర్ గారి గది బయట, బీటుకి వెళ్లేవాళ్లకి అందేలా గోడకి తగిలించారు.

పోలీసు చేతికి ఇంటి తాళంచెవి ఇవ్వడం! మొదట్లో ఊరంతా నవ్వింది. రిటైరైన టీచరు దంపతులు మాత్రమే ధైర్యం చేశారు. వాళ్లు తిరిగొచ్చేదాకా అన్నయ్య రోజూ సాయంత్రం వెళ్లి లైటు వేశారు, మొక్కలకి నీళ్లు పోశారు, పంజరంలో చిలకకి గింజలు పెట్టారు. వాళ్లు తిరిగొచ్చి తలుపు తీసేసరికి చిలక, "ఒక్క నిమిషం" అందట. ఆ మాట ఊరంతా పాకింది. ఆ తరువాత ఎవరూ నవ్వలేదు. తాళంచెవులు వచ్చి పడ్డాయి. కొక్కేలు సరిపోక రెండో వరస బిగించారు. ఊరు పోలీసుని నమ్మింది. ఎన్ని ఉద్యోగాలు చేస్తే, ఎంతమంది పోలీసులు ఎన్నేళ్లు మంచిగా ఉంటే అంత నమ్మకం వస్తుంది? మన జిల్లాకి అది ఒక చిలక వల్ల, ఒక మనిషి వల్ల వచ్చింది.

తరువాత ఏమైంది?

మందుల షాపు ఆయన ఊరెళ్లి వచ్చేసరికి నగలపెట్టె ఖాళీ. తాళం వేసినట్టే ఉంది. తలుపు మీద గీత లేదు. నర్సమ్మ గారింట్లోనూ అంతే. తపాలా ఆఫీసులో పనిచేసే ఆవిడ ఇంట్లోనూ అంతే. స్టేషన్‌కి వస్తే వాళ్లకి దొరికిన జవాబు ఏమిటి? "తాళం పగల్లేదు, తలుపు విరగలేదు, దొంగతనం ఎక్కడిదమ్మా? ముందు మీ ఇంట్లోవాళ్లని అడుక్కోండి." ఫిర్యాదు తీసుకోలేదు. వాళ్లు ఇంటికెళ్లి ఇంట్లోవాళ్లనే అడుక్కున్నారు. నర్సమ్మ గారు సొంత తమ్ముణ్ణి బయటికి పంపేశారు. మందుల షాపు ఇంట్లో అత్తాకోడళ్లకి ఇవాళ్టికీ మాటల్లేవు. వాళ్లు ఈ హాలులోనే ఉన్నారు, చెరో చివర కూర్చున్నారు. నేను చూశాను.

జిల్లా వార్షిక సమావేశం ఈ హాలులోనే జరిగింది. ఆ గోడ మీద తెర కట్టారు. ఇళ్ల దొంగతనాలు సగానికి సగం తగ్గాయని, బొమ్మల్లో నీలం గీతలు కిందికి దిగుతూ ఉంటే చూపించారు. చప్పట్లు మోగాయి. మన జిల్లాని చూసి మిగతా జిల్లాలు నేర్చుకోవాలన్నారు. అందరూ చప్పట్లు కొడుతుంటే అన్నయ్య చేతులు కట్టుకుని కూర్చున్నారు. పొగడ్త విని సిగ్గుపడుతున్నారని పక్కవాళ్లు అనుకున్నారు. బయటికి వచ్చాక మెట్ల మీద, "ఫిర్యాదు తీసుకోకపోతే దొంగతనం తగ్గక ఏం చేస్తుందమ్మాయ్" అన్నారు. ఆ దొంగతనాలు జరిగిన ఇళ్లన్నీ మా బోర్డు మీద తాళంచెవి ఉన్న ఇళ్లే. మా మీద నమ్మకం లేక తాళంచెవి ఇవ్వని ఇళ్లలో ఒక్కదాంట్లో కూడా ఏమీ పోలేదు.

అర్థమైంది కదా? పెద్దగా వివరించక్కర్లేదు కదా?

అన్నయ్య కూడా మొదట నమ్మలేదు. సొంత స్టేషన్‌ని అనుమానించడానికి ఆయనకి చాలా రోజులు పట్టింది. ఊరందరినీ చిటికెలో అనుమానించే మనిషి, మా దగ్గరికి వచ్చేసరికి తడబడ్డారు. కానీ ఒక అలవాటు ఆయనకి దారి చూపించింది. బోర్డు మీద తాళంచెవి తగిలించేటప్పుడు ఆయన దాని పళ్లు ఎప్పుడూ గోడ వైపు ఉండేలా తగిలించేవారు. సాయంత్రం బీటు నుంచి ఏ తాళంచెవి తిరిగొచ్చినా, తగిలించేది ఆయనే. అలాంటిది, కొన్ని రోజులు పొద్దున్నే వచ్చేసరికి ఒకటో రెండో తాళంచెవులు పళ్లు బయటికి పెట్టుకుని వేలాడుతూ ఉండేవి. ఎవరో తీశారు. పని చూసుకుని మళ్లీ తగిలించారు. ఆయన అలవాటు గమనించని వాళ్లెవరో. ఏ ఇంటి తాళంచెవి అలా తిరిగిందో, ఆ ఇంటివాళ్లు ఊరి నుంచి వచ్చి ఏడ్చుకుంటూ స్టేషన్‌కి వచ్చారు.

ఇది ఆయన నాతో తప్ప ఎవరితోనూ అనలేదు. ఆ చివరి సాయంత్రం స్టేషన్ పక్క టీ బండి దగ్గర నిలబడి చెప్పారు: "రేపు పొద్దున రోల్‌కాల్‌లో బోర్డు తీసుకొచ్చి అందరి ముందు పెడదామమ్మాయ్. ఒక్క నిమిషం నిలబెడదాం. ఇన్‌స్పెక్టర్ గారిని అడిగాను. సరే, తీసుకో అన్నారు."

మర్నాడు పొద్దున రోల్‌కాల్‌కి ఆయన రాలేదు. పాల వ్యాను డ్రైవరు వచ్చి చెబితే పరిగెత్తాం. కల్వర్టు పక్కన కాలవలో స్కూటరు, దాని పక్కన అన్నయ్య. తడి రోడ్డు మీద జారిపడ్డారని రాశారు. రాసిన చెయ్యి ఈ హాలులోనే ఉంది. సరే, జారిపడ్డారేమో. రోడ్డు తడిగానే ఉంది. కానీ అయ్యా, వీధి చివర షాపుకి వెళ్లాలన్నా హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించి, లాగి చూసుకునే మనిషి ఆయన. మనమంతా ఆట పట్టించాం కదా, నిద్రలో కూడా పెట్టుకుంటారా అని? ఆ హెల్మెట్ స్కూటరు కొక్కేనికి నీటుగా తగిలించి ఉంది. జారిపడేవాడు హెల్మెట్ తీసి తగిలించి మరీ పడతాడా? ఆయన అక్కడ బండి ఆపారు. ఎవరో పిలిస్తే ఆపారు. తెలిసినవాళ్లయితేనే హెల్మెట్ తీసి మాట్లాడతారు.

ఇన్‌స్పెక్టర్ గారూ, నేను మిమ్మల్ని ఏమీ అనడం లేదు. మీరు సరే అన్నారు, అది ఆయనకి సంతోషం కలిగించింది. ఆయన మిమ్మల్ని ఆ ఒక్క నిమిషం ఇమ్మని అడిగినప్పుడు గదిలో ఇంకా ఎవరున్నారు? తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారు? ఒక్కసారి గుర్తు చేసుకోమంటున్నాను. జిల్లా అధికారి గారూ, మీకు ఒక్కటే మనవి. మీ నీలం గీతలు కొంచెం పైకి లేచినా ఫరవాలేదు. ఫిర్యాదులు తీసుకోమని చెప్పండి. మా అన్నయ్య పోయింది జారిపడి కాదేమో అని వదిన ఇచ్చిన ఫిర్యాదు కూడా తీసుకోమని చెప్పండి. అది ఇప్పటికి రెండుసార్లు వెనక్కి వచ్చింది.

మందుల షాపు అత్తగారూ, మీ కోడలు ఏమీ తీయలేదు. ఇవాళ ఇంటికెళ్లి ఆమెతో మాట్లాడండి. నర్సమ్మ గారూ, తమ్ముణ్ణి పిలిపించుకోండి. అన్నయ్య మీ గుమ్మాల ముందుకి వచ్చి నిలబడి ఈ మాట చెప్పాలనుకున్నారు. బోర్డు నాది, తప్పు నాది అని నాతో ఎన్నిసార్లు అన్నారో. ఆయన తరఫున నేను చెబుతున్నాను. ఆయన తప్పు కాదని కూడా చెబుతున్నాను.

ఆ బోర్డు ఏమైందో అడగరేం?

ఆయన పోయిన రోజు మధ్యాహ్నమే, మేమంతా ఆసుపత్రిలో ఉండగా, దాన్ని గోడ మీద నుంచి తీసేశారు. రంగు వేయించడానికట. మనిషి పోయిన రోజున రంగు గుర్తొచ్చింది. ఎవరు తీయమన్నారని అడిగితే ఒకరు ఇంకొకరిని చూపించారు, ఆ ఇంకొకరు మళ్లీ మొదటివారినే చూపించారు. అది నాకు స్టోరు గదిలో పాత టైర్ల వెనక దొరికింది. తాళంచెవులు ఇంకా దానికే ఉన్నాయి. ఎవరి అనుమతితో తీశావని రేపు నన్ను అడగండి. మెమో ఇవ్వండి, తీసుకుంటాను. సస్పెండ్ చేయండి, ఇంట్లో కూర్చుంటాను. భయం లేదని అనను. పిల్లలున్నారు, భయమే. ఆయన్ని ఆ కాలవలో చూసినప్పటి నుంచి భయం కన్నా కోపమే ఎక్కువగా ఉంది.

ఫోటో ముందు బల్ల మీద, తెల్లటి గుడ్డ కప్పి ఉన్నది మీరు ఇందాకటి నుంచి చూస్తున్నారు. పూలు పెట్టడానికి వేసిన పలక అనుకున్నారు. పూలు దాని మీదే పెట్టారు కూడా. అది పలక కాదు.

తలుపు దగ్గర ఉన్న తమ్ముడూ, తలుపు వేయక్కర్లేదు, తీసే ఉంచు. వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లొచ్చు. వెళ్లేవాళ్లని కూడా చూస్తాం.

ఇలాంటి సభల్లో రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. అన్నయ్య జీవితంలో ఎవరినీ రెండు అడగలేదు. ఆ చివరి పొద్దు కోసం అడిగిన ఒక్కటీ ఆయనకి దక్కలేదు. ఆ రోల్‌కాల్‌లో నిలబడాల్సినవాళ్లంతా ఇవాళ ఈ హాలులో ఉన్నారు, ఒక్కరు కూడా తక్కువ కాకుండా. నేను ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. ఎవరి మీదా నేరం మోపడం లేదు. చూపు సాక్ష్యం కాదు. నేల చూడటం అలవాటైనవాళ్లు ఎవరో కూడా నాకు తెలుసు, వాళ్లు భయపడక్కర్లేదు. మాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలిస్తే చాలు.

వదినా, నువ్వు ఆ పక్కకి వచ్చి నిలబడు. నేను ఈ పక్క నిలబడతాను.

దయచేసి అందరూ లేచి నిలబడండి. అధికారులు కూడా. ఎవరూ కళ్లు మూసుకోకండి, తల దించకండి. గుడ్డ తీస్తున్నాను.

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి.